మరుగు స్థానం ఎవరికి తెలియాలి?

పారిశ్రామిక ప్రమాదాలు పార్లమెంటు సమావేశాలు లేని రోజులను చూసుకుని వస్తాయేమోనని ప్రెస్ గ్యాలరీలో ఏళ్ళ తరబడి కూర్చున్న వారికి అప్పుడప్పుడు అనిపిస్తూ ఉంటుంది. 1984 డిసెంబరు 2వ తేదీ అర్ధరాత్రి భోపాల్‌లో విషవాయువు వెలువడిన నాటికి దేశమంతా లోక్‌సభ ఎన్నికల ప్రచారంలో మునిగి ఉన్నది. 2014 జూన్ 12న భిలాయి ఉక్కు కర్మాగారంలో కార్బన్ మోనాక్సైడ్ సోకి ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లతో సహా ఆరుగురు మరణించారు. పదహారవ లోక్‌సభ తొలి సమావేశాలు ముగిసింది ఆ ముందురోజే. 2018 అక్టోబరు 9న అదే కర్మాగారంలో కోక్ ఓవెన్ల వాయు గొట్టం వద్ద పేలుడు సంభవించి తొలిరోజునే తొమ్మిదిమంది, ఆ తరువాత ఆసుపత్రిలో మరికొందరు అసువులు బాశారు. వర్షాకాల సమావేశాలు ముగిసి అప్పటికి రెండు నెలలు. 2020 మే 7న విశాఖలో స్టైరీన్ ఆవిరి పన్నెండుమందిని బలిగొన్ననాడు కోవిడ్ కారణంగా సభలకు తాళం పడి ఉన్నది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో పదిహేడుమంది మరణించే నాటికి బడ్జెట్ సమావేశాలు ముగిసి పన్నెండు రోజులైంది.

ఇందులో విధి విలాసం ఏమీ లేదు. ఏడాదిలో సభలు కూర్చునే రోజులు నానాటికీ తగ్గిపోతున్నందువల్ల, ఏ విపత్తు వచ్చినా అది సెలవు రోజులలో రావడానికే అవకాశం ఎక్కువ. ఫలితం మాత్రం విచారింపదగినది. సభలు తిరిగి కూడే సరికి విషయం చల్లారిపోతుంది. ఎవరో ఒక సభ్యుడు ప్రశ్న వేస్తారు. మంత్రివర్యులు సమాధానం సభా సమక్షంలో ఉంచుతారు. మృతులెందరో, క్షతగాత్రులెందరో, నష్టపరిహారం ఎంతో, విచారణ సంఘం ఏ తేదీన నియమితమైనదో అందులో ఉంటుంది. ఇన్ని సంఖ్యల మధ్య ఏనాడూ కనిపించని సంఖ్య ఒకటున్నది. తప్పించుకున్న పదార్థం ఎన్ని డిగ్రీల వద్ద మరుగుతుంది? ఆ సంగతి అక్కడ పనిచేసే వారికి ముందుగా తెలుసునా? ఈ ప్రశ్న రసాయన శాస్త్రజ్ఞులది, మనకెందుకు అనుకునే పాఠకులు ఈ వారం ఈ విలేఖరితో కొంతసేపు భిలాయి వరకు రావలసిందిగా ప్రార్థన.

ఉక్కుతోపాటు పుట్టేవి

1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా వెలసిన భిలాయి కర్మాగారంలో తొలి బ్లాస్టు ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. నాడది మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లా. 2000 నవంబరు నుండి ఛత్తీస్‌గఢ్. విజయనగరం నుండి రాయపూర్ వెళ్ళే రైలు మార్గం వెంట ఉత్తరాంధ్ర కుటుంబాలెన్నో అక్కడకు చేరి, రెండు మూడు తరాలుగా స్థిరపడినవి. కనుక భిలాయి వార్త మన జిల్లాలకు దూరపు వార్త కాదు.

భిలాయి అనగానే రైలు పట్టాలు జ్ఞాపకం వస్తాయి. కానీ ఉక్కు కర్మాగారం ఒక విధంగా రసాయన కర్మాగారం కూడా. బొగ్గును గాలి తగలకుండా కాల్చి కోక్‌గా మార్చేటప్పుడు వెలువడే వాయువులో తారు, అమ్మోనియా, నాఫ్తలీన్, బెంజోల్ ఉంటాయి. ఆ వాయువును నూనెతో కడిగి ముడి బెంజోల్‌ను వేరుచేసి, దానిని తిరిగి వేడిచేసి, ఏది ఏ డిగ్రీ వద్ద ఆవిరైతే దానిని ఆ డిగ్రీ వద్ద పట్టి చల్లారుస్తారు. బెంజీన్ 80.1 డిగ్రీల వద్ద, టొలీన్ 110.6 వద్ద, జైలీన్‌లు 138కీ 144కీ మధ్య దిగివస్తాయి. అంటే ఈ విభాగంలో మరుగు స్థానమే పనిముట్టు, మరుగు స్థానమే సరుకుకు నాణ్యతా ముద్ర. ఎన్నో డిగ్రీ వద్ద తొలి బొట్టు పడింది, ఎన్నో డిగ్రీ వద్ద సీసా ఆరిపోయింది అని ప్రయోగశాలలో చూసి, ఆ వ్యవధి ఎంత ఇరుకైతే సరుకు అంత స్వచ్ఛమని నిర్ణయిస్తారు.

అన్నిటికంటె ముందుగా దిగివచ్చే తేలిక భాగం ఒకటుంటుంది. అందులో కార్బన్ డైసల్ఫైడ్ కలిసి ఉంటుంది. అది మరిగేది 46 డిగ్రీల వద్ద. దాని ఆవిరి అంటుకోవడానికి నిప్పురవ్వ సైతం అక్కరలేదు. ఇంచుమించు వంద డిగ్రీలున్న ఆవిరి గొట్టం తగిలినా చాలు. కొనుగోలుదారు సంతృప్తి కోసం తీసే అంకెలోనే కార్మికుని ప్రాణరక్షణకు కావలసిన హెచ్చరిక దాగి ఉన్నదని చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం వేరే అక్కరలేదు.

అంకె వెనుక షరతులు

మరుగు స్థానం కొలవడం చూపులకు సులభమైన పనే. ద్రవాన్ని పాత్రలో మెల్లగా వేడిచేస్తారు. పైకి లేచే ఆవిరిలో ఉష్ణమాపకం ఉంచుతారు. పాదరసం కదలకుండా నిలిచిన చోటు వ్రాసుకుంటారు. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ 1981లో వెలువరించిన 103వ పరీక్షా సూత్రం ఇందుకు అంగీకృతమైన పద్ధతులను వివరించింది; 1995లో దానిని సవరించారు. అయితే ఆ అంకె షరతులు లేని అంకె కాదు. గాలి ఒత్తిడి పాదరసం 760 మిల్లీమీటర్లు ఉన్నప్పుడు, పదార్థం స్వచ్ఛంగా ఉన్నప్పుడు, వేడికి అది విచ్ఛిన్నం కాకుండా ఉన్నప్పుడు మాత్రమే అది సరియైనది.

భిలాయి సముద్రమట్టానికి సుమారు మూడువందల మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ బెంజీన్ పుస్తకంలోని అంకెకు ఒక డిగ్రీ తక్కువగానే మరుగుతుంది. ప్రయోగశాల వారు భారమితిని చూసి ఈ లెక్క సరిచేస్తారు. అది పెద్ద విశేషం కాదు. ఎండ సంగతి వేరు. వైశాఖ జ్యేష్ఠాలలో ఆ ప్రాంతం 45 డిగ్రీలకు అటూ ఇటూ ఉడుకుతుంది. ఏ ద్రవమైనా మరిగే దాకా ఆగి ఒక్కసారిగా ఆవిరి కాదు. మరుగు స్థానానికి చేరువయ్యే కొద్దీ ఆవిరి ఒత్తిడి త్వరత్వరగా పెరుగుతుంది. బెంజీన్ ఆవిరి ఒత్తిడి 20 డిగ్రీల వద్ద పాదరసం 75 మిల్లీమీటర్లు; 42 డిగ్రీల వద్ద 200. అంటే పుస్తకంలో చల్లని గదిలో కూర్చున్న బెంజీన్‌కూ, మే నెలలో ఎండకెక్కిన పీపాలోని బెంజీన్‌కూ రెండున్నర రెట్లకు పైగా తేడా. అది నిప్పుకు మిత్రం కావడమే గాక, రక్త క్యాన్సరుకు కారణమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ నిర్ధారించిన పదార్థం కూడా.

చట్టంలో ముప్పై అయిదు డిగ్రీల గీత

ఈ అంకె ప్రయోగశాల గోడల మధ్య ఉండిపోలేదు, చట్టంలోకి ఎక్కింది. భోపాల్ అనంతరం 1986లో వచ్చిన పర్యావరణ పరిరక్షణ చట్టం క్రింద 1989లో ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతుల నిబంధనలు వెలువడినవి. 2000లో వాటిని సవరించినప్పుడు మండే ద్రవాలకు తరగతులు ఏర్పరిచారు. 23 డిగ్రీలకు మించని వేడిలోనే నిప్పు సోకితే భగ్గుమనే ద్రవం 35 డిగ్రీల లోపున మరిగితే అది అత్యంత ప్రమాదకరమైన మొదటి తరగతి. అంతకు పైన మరిగితే రెండవ తరగతి. ఐక్యరాజ్యసమితి ప్రపంచవ్యాప్తంగా సూచించిన వర్గీకరణలోనూ ఇదే గీత ఉన్నది.

శీతల దేశాలలో 35 డిగ్రీలు వేసవి గరిష్ఠానికి ప్రతీక. భిలాయిలోనో, రామగుండంలోనో 35 డిగ్రీలంటే చైత్రమాసపు మామూలు మధ్యాహ్నం. 36 నుండి 45 డిగ్రీల మధ్య మరిగే ద్రవం కాగితం మీద రెండవ తరగతిదైనా, మే నెలలో నీడపట్టునే వాయువుగా మారగలదు. యూరపు వారు 2012 నాటి సెవెసో మూడవ ఆదేశంలో ఈ చిక్కును కొంతవరకు గుర్తించారు. రెండవ, మూడవ తరగతుల ద్రవాలను వాటి మరుగు స్థానానికి మించిన వేడిలో ఉంచినట్లయితే వాటిని మొదటి తరగతితో సమానంగానే ఎంచాలన్నారు. ప్రదేశాన్నీ పరిస్థితినీ బట్టి అంకెను చదవాలన్న ఈ వివేకం మన వంటి ఉష్ణదేశానికి మరింత అవసరం.

భోపాల్ పదార్థమైన మిథైల్ ఐసోసయనేట్ మరుగు స్థానం 39 డిగ్రీలు. దానిని చల్లగా ఉంచడానికే అక్కడ శీతలీకరణ యంత్రం అమర్చారు. ప్రమాదానికి కొన్ని నెలల ముందు ఆ యంత్రాన్ని ఆపివేశారు. 39 అనే అంకె అమెరికాలోని యాజమాన్యానికీ తెలుసు, భోపాల్‌లోని ఇంజనీర్లకూ తెలుసు. కర్మాగారం గోడ అవతల నిద్రిస్తున్న జనానికి తెలియదు. ఆనాడు భోపాలే భిలాయికి కూడా రాజధాని అన్న సంగతి ఇక్కడ జ్ఞప్తికి తెచ్చుకోవాలి.

మూడు అంకెలు, మూడు పాఠాలు

అలాగని మరుగు స్థానం ఒక్కటి తెలిస్తే రక్షణ సిద్ధించినట్లేనని భ్రమపడరాదు. విశాఖలోని ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకులో ఉన్న స్టైరీన్ 145 డిగ్రీల వద్ద మరుగుతుంది. విశాఖలో ఏ వేసవీ 145 డిగ్రీలకు పోదు గనుక భయం లేదని ఎవరైనా అనుకోవచ్చు. కానీ స్టైరీన్ తనలో తాను గొలుసుకట్టుగా కలిసిపోయే స్వభావం గలది. కలిసేటప్పుడు వేడి పుడుతుంది. వేడి పెరిగితే కలయిక మరింత వేగం పుంజుకుంటుంది. దానిని అరికట్టే మందు లాక్‌డౌన్ రోజులలో తగినంతగా లేదు. శీతలీకరణ రాత్రింబవళ్ళు నడవలేదు. ఉష్ణోగ్రతను చూసే ఏర్పాటు ట్యాంకు అడుగున ఉండడంతో పైభాగాన ఉడుకుతున్న సంగతి తెలియలేదు. జాతీయ హరిత ట్రిబ్యునల్ నియమించిన సంఘమూ, రాష్ట్ర ప్రభుత్వ ఉన్నతస్థాయి సంఘమూ ఈ లోపాలను వివరించాయి. బయటి ఎండ చేరలేని అంకెను లోపలి మంట చేరుకున్నది.

అచ్యుతాపురంలోని ఎసెన్షియా ఔషధ కర్మాగారంలో ఒలికినట్లు చెప్పబడిన మిథైల్ టెర్షియరీ బ్యూటైల్ ఈథర్ మరిగేది 55 డిగ్రీల వద్ద. అంటే మన ఎండకు పైనే. కానీ దాని ఆవిరి నిప్పుకు అంటుకోవడానికి సున్నాకు దిగువన 28 డిగ్రీల చలిలోనూ సిద్ధంగా ఉంటుంది. అందువల్ల మరుగు స్థానం పక్కనే ఈ రెండవ అంకెను కూడా చదవకపోతే మొదటిది మోసం చేస్తుంది.

ఇక 2014 నాటి భిలాయి. పంపుహౌసులో నీటి సరఫరా దెబ్బతిని, బ్లాస్టు ఫర్నేసు వాయువును శుద్ధిచేసే చోట నీటి ఒత్తిడి పడిపోగా, నీరు అడ్డుకోవలసిన వాయువు నీటి గొట్టాల గుండానే వెనుకకు తన్నుకొచ్చింది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. దాని మరుగు స్థానం సున్నాకు దిగువన 191.5 డిగ్రీలు. ఇంత దిగువ అంకె చెప్పే మాట ఒక్కటే: ఈ పదార్థం ఒలికి నేలపై నిలవదు, మడుగు కట్టదు, కంటికి కనపడే ఏ గుర్తూ ఇవ్వదు, కనిపెట్టే యంత్రం, ముఖానికి శ్వాస పరికరం ఉంటేనే మనిషి బ్రతుకుతాడు. సీనియర్ అధికారులే ప్రాణాలు కోల్పోయిన ఆ సంఘటన, విద్యాధికులకు తెలిసిన అంకె కూడా వేళకు రక్షణగా మారకపోతే నిరుపయోగమని రుజువు చేసింది.

కొలిచేదెవరు, సరిచూసేదెవరు?

1989 నిబంధనలు ప్రతి ప్రమాదకర రసాయనానికీ ఒక భద్రతా సమాచార పత్రం ఉండాలన్నవి. అందులో మరుగు స్థానానికి ఒక గడి ఉన్నది. గడి నిండాలని చట్టం కోరుతుంది. ఏ శుద్ధి గల సరుకుపై, ఏ పరిస్థితులలో కొలిచిన అంకెతో నిండిందని పట్టుబట్టదు. విదేశీ పుస్తకంలోని స్వచ్ఛ పదార్థపు అంకెను దించివేసినా గడి నిండుతుంది. కానీ ట్యాంకులో ఉండేది పుస్తకంలోని పదార్థం కాదు. ముడి బెంజోల్‌కు ఒక్క మరుగు స్థానం ఉండదు. మొదలయ్యే డిగ్రీ, ముగిసే డిగ్రీ అని రెండు ఉంటాయి. ప్రమాదాన్ని నిర్ణయించేది ఆ మొదటిదే.

యూరపు సమాజం 2007 జూన్ నుండి అమలు జరుపుతున్న రసాయనాల శాసనం ఏడాదికి ఒక టన్ను మించి తయారయ్యే, లేదా దిగుమతయ్యే ప్రతి పదార్థానికీ మరుగు స్థానంతో సహా మౌలిక సమాచారం ముందుగా సమర్పించాలని, సమాచారం లేనిదే విపణిలో చోటు లేదని నిర్దేశించింది. మన దేశంలో ఇట్టి పరీక్షలు చేయగల ప్రయోగశాలలకు కొరత లేదు. వాటి పనితీరును తనిఖీ చేసే జాతీయ సంస్థను కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2002లో నెలకొల్పింది. 2011 నుండి మన ప్రయోగశాలల ఫలితాలను ఆర్థిక సహకార సంస్థ సభ్య దేశాలు పరస్పర అంగీకార పద్ధతిపై స్వీకరిస్తున్నవి. విచిత్రమేమంటే యూరపు కొనుగోలుదారు అడిగితే మన ఎగుమతిదారు నిఖార్సయిన పరీక్ష జరిపించి ఇస్తాడు. అదే సరుకును మోసే మన కార్మికుడు అడగడు. అడగవచ్చునని అతనికి ఎవరూ చెప్పలేదు. రసాయనాల నమోదును తప్పనిసరి చేసే నిబంధనల ముసాయిదా 2020లో ఢిల్లీలో చేతులు మారింది. ఆ తరువాత ముసాయిదాకు ముసాయిదా వచ్చి ఏళ్ళు గడిచాయి.

ఆలస్యానికి కారణం వెతికేవారు ఒక సంగతి గమనించాలి. భద్రతా నిబంధనలు పర్యావరణ శాఖవి; కార్మికుని రక్షణ కార్మిక శాఖది; నమోదు ముసాయిదా రసాయనాల శాఖది; భిలాయి యాజమాన్యం ఉక్కు శాఖది; తనిఖీకి వెళ్ళవలసిన ఇన్‌స్పెక్టరు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి. ఇందరి మధ్య ఏ మంత్రిని నిలదీసినా, ఆ సంగతి మరొక శాఖకు సంబంధించినదని సమాధానం చెప్పడానికి వీలున్నది.

సభలో జరిగినదేమిటి?

భోపాల్ తరువాత పార్లమెంటు నిద్రపోయిందని అనలేము. 1987లో కర్మాగారాల చట్టానికి ఒక కొత్త అధ్యాయం చేర్చి, ప్రమాదకర ప్రక్రియలు జరిపే ప్రతి యాజమాన్యం ఆ ప్రమాదాల వివరాలను కార్మికులకూ, చుట్టుపక్కల ప్రజలకూ వెల్లడించాలని, యాజమాన్యం, కార్మికులు సరిసమానంగా ఉండే భద్రతా సంఘాన్ని విధిగా ఏర్పాటు చేయాలని ఆదేశించింది. ఆ ప్రక్రియల జాబితాలో మొట్టమొదట ఉన్నది ఉక్కు పరిశ్రమే.

ఆ చట్టం స్థానే వచ్చిన వృత్తి భద్రతా కోడ్‌ను లోక్‌సభ 2020 సెప్టెంబరు 22న, రాజ్యసభ మరునాడు ఆమోదించాయి. ప్రతిపక్షాలు సభలను బహిష్కరించిన రోజులవి. విశాఖ ప్రమాదం జరిగి అయిదు నెలలైనా కాలేదు. ఆ కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. వెనుకటి చట్టం విధిగా ఉండాలన్న భద్రతా సంఘాన్ని, ఈ కోడ్ ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా కోరవచ్చునన్నది. ఒక్క క్రియాపదం మారింది. శాసనాలలో క్రియాపదమే ప్రాణం.

2023 జూలై, ఆగస్టులలో మణిపూర్‌పై చెలరేగిన రభస మధ్య జన్ విశ్వాస్ బిల్లు ఆమోదం పొందింది. దాని ప్రకారం పర్యావరణ పరిరక్షణ చట్టాన్ని ఉల్లంఘించిన వారికి అయిదేళ్ళ వరకు ఉన్న జైలు శిక్ష పోయి, పదివేల నుండి పదిహేను లక్షల రూపాయల వరకు జరిమానా వచ్చింది. జైలు శిక్షలు ఎన్నడూ పడలేదు గదా, జరిమానా అయితే త్వరగా వసూలవుతుందని ప్రభుత్వ పక్షం వాదన. అందులో కొంత వాస్తవం లేకపోలేదు. ప్రాణనష్టం జరిగితే సాధారణ శిక్షాస్మృతి ఉండనే ఉన్నది. కానీ ప్రాణనష్టం జరగకముందు, సమాచార పత్రంలోని అంకె అబద్ధమని తేలినప్పుడు, వందల కోట్ల వ్యాపారం చేసే సంస్థను పదిహేను లక్షలు ఏపాటి భయపెట్టగలవో మంత్రివర్యులే సెలవివ్వాలి. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకునే అలవాటును శాసనమే స్థిరపరచినట్లయింది.

అడగవలసిన ప్రశ్నలు

ఈ విషయంలో విప్లవాలు అక్కరలేదు; మూడు చిన్న పనులు చాలు. సమాచార పత్రంలోని మరుగు స్థానం, దానికి తోడుగా ఉండవలసిన తక్కిన అంకెలు, ట్యాంకులో వాస్తవంగా ఉన్న సరుకుపై, గుర్తింపు గల ప్రయోగశాలలో కొలిచినవై ఉండాలి. ఆ అంకెల పక్కనే ఆ ఊరి అత్యధిక వేసవి ఉష్ణోగ్రతను వ్రాసి, మిగిలిన తేడా ఎంతో భిలాయిలో హిందీలోనూ, విశాఖలో తెలుగులోనూ, కాంట్రాక్టు కూలీకి అర్థమయ్యే మాటలలో గోడపై పెట్టాలి. ప్రాణనష్టం జరిగిన ప్రతి రసాయన ప్రమాదంపై, ఆపైన వచ్చే సమావేశాల మొదటి రోజునే, ఏ శాఖ బాధ్యత ఎంతో తేల్చిచెప్పే ఒకే ప్రకటనను ప్రభుత్వం సభ ముందుంచాలి.

వీటిలో మూడవది సాధించడం సభ్యుల చేతిలో ఉన్నది. మన తెలుగు రాష్ట్రాల నుండి లోక్‌సభకు నలభై ఇద్దరు సభ్యులున్నారు. విశాఖ, అచ్యుతాపురం ప్రమాదాలు వారి గడపలలో జరిగినవే. భిలాయిలో నివసించే వారిలో వారి బంధువులూ ఉండవచ్చు. మృతులెందరు అన్న ప్రశ్నతో పాటు, ఆ పదార్థం ఎన్ని డిగ్రీల వద్ద మరుగుతుంది, దానిని ఎవరు ఎప్పుడు కొలిచారు, కొలిచిన అంకెను ఏ కార్మికునికి చెప్పారు అన్న అనుబంధ ప్రశ్నను వారిలో ఒక్కరు లేచి అడిగినా మంత్రిగారి కాగితాలలో ఆ సమాధానం ఉండదు. తదుపరి సమావేశాలకైనా అది ఉండేటట్లు చూడడం ఆయనకు తప్పదు.